చక్కటి చేతిరాత, చదవలేని పిల్ల: ఒక కేస్ స్టడీ

ఈ కేసు 2018–19 విద్యా సంవత్సరంలోది. జోగులాంబ గద్వాల జిల్లాలో, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ అని పిలిచే ప్రాంతంలో ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాల. నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ఆ ఏడు బదిలీల్లో జూలైలో అక్కడ చేరాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు నావి. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టరు గారివి. పిల్ల అసలు పేరు రాయను, అనిత అంటాను. ఊరి పేరుతో పని లేదు. ఆ చుట్టుపక్కల విత్తన పత్తి వేసే ఏ ఊళ్లోనైనా ఇలాంటి పిల్ల దొరుకుతుంది.

అనిత నాలుగో తరగతి. నోటుబుక్కులు దిద్దడానికి తీసుకుంటే అన్నిటికంటే ముచ్చటగా ఉన్నది ఆమెదే. మార్జిన్ కొట్టి, తేదీ వేసి, ప్రశ్న ఒక రంగులో, జవాబు ఇంకో రంగులో. తలకట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, సున్నాలు గుండ్రంగా ఉంటాయి. కిందటేడాది నోట్సులు కూడా దాచుకుందట, తెమ్మంటే సంచీ నిండా తెచ్చింది. పేజీ పేజీకీ ఎర్ర ఇంకు టిక్కులు, ‘గుడ్’, ‘వెరీ గుడ్’. హాజరు బాగుంది. అల్లరి లేదు. మూడో తరగతి గ్రేడు కూడా బాగానే ఉంది. కొత్త టీచరుకు అప్పగించే రికార్డులను బట్టి చూస్తే ఈ పిల్ల గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదు.

అనుమానం ఒక చుక్క దగ్గర మొదలైంది. బోర్డు మీద ‘మా పాఠశాల’ అని రాసి, కింద నాలుగు వాక్యాలు రాశాను. ఎవరి చెయ్యి తగిలిందో, ‘ఠ’లో చుక్క చెరిగిపోయింది. మిగతా పిల్లలు ‘పాఠశాల’ అనే రాసుకున్నారు. ఇద్దరు ముగ్గురు ‘పాటశాల’ అని రాశారు. వాళ్లు చెవికి వినిపించినట్టు రాశారు కాబట్టి ఆ తప్పును నేను పెద్దగా పట్టించుకోను. అనిత మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ‘పారశాల’ అని రాసింది. రోజూ వచ్చే బడి గోడ మీద పెద్దక్షరాలతో ఉన్న మాట అది. చదివే పిల్లయితే చుక్క చెరిగినా తన పుస్తకంలో చుక్క పెట్టుకుంటుంది. ఈ పిల్ల కంటికి కనబడ్డది కనబడ్డట్టు దించుతోంది.

మర్నాడు మిగతా వాళ్లను ఆటకు పంపి ఆమెను విడిగా కూర్చోబెట్టుకున్నాను. పిల్లలకు చదవడం ఎంత వచ్చో కొలిచే అసర్ సర్వే కోసం ప్రథమ్ సంస్థ వాడే పద్ధతి చాలామంది టీచర్లకు తెలిసిందే. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఈ నాలుగు మెట్లలో పిల్ల ఎక్కడ నిలబడిందో నోటితో చదివించి చూస్తారు. పది నిమిషాల పని. కాగితం, పెన్సిలు అక్కర్లేదు. అనితకు కాగితం, పెన్సిలు లేకపోవడమే మొదటి ఇబ్బంది అయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది.

ముందు తెలుగు వాచకంలో మొదటి పాఠం చదవమన్నాను. గడగడా చదివింది. వేలు కూడా కదులుతోంది. కానీ నోరు మూడో వాక్యంలో ఉంటే వేలు రెండో వాక్యం సగంలో ఉంది. పుస్తకం తలకిందులుగా పెట్టి ఇచ్చినా అదే వేగంతో అప్పజెప్పేదేమో. పాఠం మొత్తం కంఠతా వచ్చు. చూడని పేరా ఒకటి ఇస్తే నోరు మూతపడింది. పదాల కార్డులు ఇచ్చాను. ‘అమ్మ’, ‘బడి’ చెప్పింది. ‘గిన్నె’, ‘కుండ’, ‘మేక’ దగ్గర నా ముఖంలోకి చూసింది.

అక్షరాల దగ్గర కనిపించినదే ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యం. ‘మ’ కార్డు చూపిస్తే వెంటనే చెప్పలేదు. పెదవులు లోపల్లోపల కదిలాయి. చెవి దగ్గరగా పెట్టి విన్నాను. ‘ప ఫ బ భ మ’. అక్కడ ఆగి, ‘మ’ అంది. ‘ణ’ చూపిస్తే ‘ట ఠ డ ఢ ణ’. అంటే ఆమెకు అక్షరం తెలియదు, వరసలో అక్షరం ఉండే చోటు తెలుసు. గోడ మీది వర్ణమాల చార్టులో ఏ గడిలో ఏ అక్షరం ఉందో మనసులో ఉంది. అక్కడిదాకా నడుచుకుంటూ పోయి తెచ్చి ఇస్తోంది. గుణింతంలోనూ అంతే. ‘కు’ చూపిస్తే క, కా, కి, కీ దాటుకుంటూ పోతే కానీ ‘కు’ రాదు. ‘గు’ చూపిస్తే మళ్లీ గ నుంచి మొదలు. ‘కు’లో ఉన్న కొమ్మూ ‘గు’లో ఉన్న కొమ్మూ ఒకటేనని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. తట్టే అవకాశం మన బడిలో ఎవరైనా ఇచ్చారా అన్నది వేరే సంగతి. ఎక్కాలు, గుణింతాలు బడి కప్పు ఎగిరిపోయేలా అరిపించి, అందరికీ వచ్చేశాయనుకోవడం నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. గుంపులో గొంతు కలిపితే చాలు, రాని పిల్ల దొరకదు.

ఒక పదాన్ని ఇలా వరసలో వెతుక్కుంటూ చదివితే మూడో అక్షరానికి వచ్చేసరికి మొదటి అక్షరం మరిచిపోతారు. అర్థం దాకా పోయే ప్రశ్నే లేదు. ఒత్తులైతే ఆమెకు బొమ్మలు. చక్కగా గీస్తుంది, పేరు తెలియదు.

మరి ఏం వచ్చు? ఇది కూడా రాసిపెట్టుకున్నాను. ఎందుకంటే రానివాటి జాబితా ఒక్కటే పట్టుకుని పిల్లలతో పని మొదలుపెట్టలేం. చూపు, వినికిడి బాగున్నాయి. ‘పత్తికాయ’ అంటే చప్పట్లు కొట్టి నాలుగు ముక్కలు చేస్తుంది. ‘మేక’లో ‘మే’ తీసేస్తే ఏం మిగులుతుందంటే ‘క’ అంటుంది. నోటి లెక్కలు నాకంటే వేగంగా చేస్తుంది, అదే లెక్క వాక్యంలో రాసి ఇస్తే చేతులెత్తేస్తుంది. కథ చెప్పమంటే మొదలు, మధ్య, చివర తప్పకుండా చెబుతుంది. జ్ఞాపకశక్తి సంగతి చెప్పక్కర్లేదు, మూడేళ్లుగా ఆమెను కాపాడింది అదే.

స్టాఫ్ మీటింగుల్లో, మండల స్థాయి ట్రైనింగుల్లో ఇలాంటి పిల్లల మాట వస్తే రెండు పేర్లు వెంటనే వినిపిస్తాయి. ఒకటి ‘మొద్దు’. ఈ మధ్య వచ్చిన రెండోది ‘డిస్లెక్సియా’. మొదటిది అనకూడదు. రెండోది నిజంగా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో, డిస్లెక్సియా కిందికి వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఒకటి. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, తేలిగ్గా అంటగట్టకూడదు కూడా. నేర్పితే నేర్చుకుంటుందా లేదా అని చూడకముందే ఆ మాట అనలేం. అసలు అంతకుముందు నేర్పారా, లేదా అన్నది తేలాలి. అనిత మూడేళ్లు బడికి వచ్చింది, రిజిస్టర్ అదే చెబుతోంది. కాబట్టి నేర్పే ఉంటారు. నేను ఆగస్టు మూడో వారం దాకా అలాగే అనుకున్నాను.

పొద్దుటి బడి, మధ్యాహ్నం బడి

ఆగస్టు మూడో వారంలో అనిత పొద్దున ప్రార్థనకు రాలేదు. సరిగ్గా భోజనం బెల్లుకు ముందు వచ్చింది, చేతివేళ్లకు పసుపు పచ్చటి పొడి అంటుకుని. మర్నాడూ అంతే. ఆమెతోపాటు ఇంకొందరు. హెడ్మాస్టరు గారిని అడిగితే, “క్రాసింగ్ మొదలైంది కదా మేడం” అన్నారు, వాన మొదలైంది కదా అన్నంత మామూలుగా.

నడిగడ్డ విత్తన పత్తికి పేరున్న నేల. తెలియని వాళ్ల కోసం చెబుతాను. మామూలు పత్తి పొలంలో పువ్వు దానంతట అదే కాయ అవుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే అలా కాకూడదు. ఆడ వరుసలు, మగ వరుసలు వేరుగా వేస్తారు. సాయంత్రం ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ఎంచి, లోపలి పుప్పొడి గుత్తిని గోటితో ఒలిచేస్తారు. తెల్లారి మగ వరుసల నుంచి పువ్వులు తెంపి, ఒలిచిన మొగ్గలకు పుప్పొడి రుద్దుతారు. ఎండ ముదరకముందే ఒక్కో మొగ్గకూ ఈ పని చేయాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఆగస్టులో మొదలైతే దసరా, దీపావళి దాటి నవంబరు దాకా రోజూ ఇదే. ఒలవడం నేర్పున్న పెద్దవాళ్ల పని. రుద్దడం పిల్లలకు చేతనవుతుంది. చిన్న వేళ్లు, చెట్టుకు సరిపోయే ఎత్తు, అందులోనూ ఆడపిల్లలైతే మాట వింటారని అక్కడ పెద్దలే చెబుతారు.

అనిత వాళ్లది కౌలు పొలం. తల్లితో రెండుసార్లు కూర్చుని మాట్లాడాను. విత్తనం ఇచ్చిన ఆర్గనైజర్, అంటే విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి, అతని దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. గింజల స్వచ్ఛత పరీక్ష, అక్కడ జీవోటీ అంటారు, అందులో ఫెయిలైతే అప్పు మిగులుతుంది. కూలీలకు పోటీ ఎక్కువ. ఆమె మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “పొద్దున రుద్దకుంటే ఆ మొగ్గ రాలిపోతది మేడం. మీ బడి రేపన్న ఉంటది గదా.”

దానికి జవాబు చెప్పడం కష్టం. బడి రేపూ ఉంటుంది నిజమే, కానీ ఇవాళ్టి పాఠం రేపు ఉండదు. ఇది ఆమెకు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎందుకంటే మధ్యాహ్నం వచ్చిన పిల్ల సాయంత్రానికి నిండు నోటుబుక్కుతో ఇంటికి పోతోంది.

ఇక్కడి నుంచి నేను పాత నోట్సుల్ని మళ్లీ చూశాను, ఈసారి తేదీల కోసం. రెండో తరగతి, మూడో తరగతి. తర్వాత ఆ బడిలో పాఠాలు ఏ వేళ ఏవి జరిగేవో రాసుకున్నాను. దాదాపు మన ప్రాథమిక పాఠశాలలన్నింటిలో ఉన్న పద్ధతే. పొద్దున పిల్లలు చురుగ్గా ఉంటారని తెలుగు, గణితం. చదివించడం, పలికించడం, బోర్డు దగ్గరికి పిలవడం అన్నీ పొద్దుటి పనులే. భోజనం తర్వాత పరిసరాల విజ్ఞానం, ప్రశ్న జవాబులు బోర్డు మీద చూసి రాసుకోవడం, చూచిరాత, బొమ్మలు. మూడు తరగతుల్ని ఒకే టీచరు చూసుకునే చోట మధ్యాహ్నం చూసి రాసే పని ఇవ్వకపోతే ఊపిరాడదు.

ఆ తర్వాత సంవత్సరాన్ని విడగొట్టి చూశాను. ఒకటో తరగతిలో జూన్, జూలై అక్షరాలు. ఆగస్టు నుంచి గుణింతాలు, చిన్న పదాలు. సంక్రాంతి ముందూ వెనకా ఒత్తులు. రెండో తరగతిలో జూన్ నెల అక్షరాలు మళ్లీ చెబుతారు, వర్షాకాలంలో గుణింతాలు మళ్లీ చెబుతారు. మూడో తరగతిలోనూ ఎంతోకొంత ఇదే. అనిత తల్లి చెప్పినదాని ప్రకారం ఒకటో తరగతిలో ఉన్నప్పటి నుంచే పిల్ల పొద్దున పొలానికి వెంట వచ్చేది. పని చేయకపోయినా ఇంట్లో చూసేవాళ్లు లేరు.

లెక్క సరిపోయింది. జూన్, జూలైల్లో చెప్పే వర్ణమాల మూడుసార్లు విన్నది, అందుకే వరస అంత గట్టిగా వచ్చు. పొద్దుటి పూట చెప్పే గుణింతం మూడేళ్లలో ఒక్కసారీ సరిగ్గా కూర్చుని వినలేదు. గుంపుతో కలిసి అరవడం మాత్రం డిసెంబరు తర్వాత చెవినపడింది. మధ్యాహ్నాలు మాత్రం ఒక్కటీ పోలేదు. మధ్యాహ్నం బడి ఏం నేర్పుతుందో అది మొత్తం నేర్చుకుంది. మార్జిన్లు, రంగులు, అందమైన రాత, నిశ్శబ్దం. ఆ పిల్ల చదువులో ఖాళీ సరిగ్గా పత్తి సీజన్ కొలతలో ఉంది.

విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. రోజుల లెక్కలో అనితకు లోటు లేదు. గంటల లెక్కలో ఎంత పోయిందో, ఆ గంటలు ఏ పాఠానివో చెప్పే గడి మన రిజిస్టర్లలో లేదు. మధ్యాహ్నం వచ్చిన పిల్లకు ఆబ్సెంట్ వేయలేం. వేస్తే అన్నం లెక్కలో తేడా, ఆమె పేరు డ్రాపౌట్ల జాబితాకు దగ్గరవుతుంది. అందుకే ప్రెజెంట్ వేస్తారు, మంచి మనసుతోనే వేస్తారు. ఇక మూల్యాంకనం. ఏడాది పొడవునా జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంటులో రాత అంశాలు ఒక విభాగం, అంటే వాస్తవంలో నోటుబుక్కు. ప్రాజెక్టు పని ఇంకొకటి. రెండింట్లోనూ అనితకు మంచి మార్కులు వచ్చి తీరతాయి. లఘు పరీక్షలో పక్కపిల్ల పేపరు చూసి రాసినా ఆమె రాతే బాగుంటుంది.

బడిలో పెట్టిన ప్రతి పిల్లా చదువుతోందని మనం అనుకుంటాం. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలేనని బాలల హక్కుల కోసం పనిచేసిన శాంతా సిన్హా గారు, ఆమె సంస్థ ఎం.వి. ఫౌండేషన్ ఏళ్లుగా చెబుతూ వచ్చారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. పూట బడి, పూట పొలం పిల్లలు మాత్రం రెండు లెక్కల్లోనూ జారిపోతారు.

ఏం చేశాం

మొదటి మార్పు టైంటేబుల్. నా మూడు తరగతులకూ చదివించే పీరియడ్‌ను భోజనం తర్వాతకు మార్చాలని అడిగాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదు. ఆయన వాదన బలమైనదే: “పొద్దున రాకపోయినా ఫర్వాలేదని మనమే చెప్పినట్టు కాదా?” చట్టం కూడా ఆయన పక్షమే. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదంటుంది. సొంత కుటుంబం పనికి సాయం చేయడానికి మినహాయింపు ఉన్నా అది బడి వేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే. అనిత పొద్దుటి పని ఆ మినహాయింపులోకి రాదు.

నేను చెప్పింది ఒకటే. తల్లిదండ్రులతో మాట్లాడటం ఆపొద్దు, గ్రామ పంచాయతీతో మాట్లాడటం ఆపొద్దు. ఆ పోరు గెలిచే దాకా పిల్లలకు పాఠం ఆగడం దేనికి? పొలం మూడేళ్లు గెలిచింది, శిక్ష మాత్రం పిల్లకే పడింది. చివరికి క్రాసింగ్ సీజన్ వరకే అన్న షరతు మీద ఒప్పుకున్నారు. పొద్దున వచ్చే పిల్లలకు గణితం, లైబ్రరీ పుస్తకాలు. భోజనం తర్వాత మూడు తరగతులూ కలిపి, తరగతుల వారీగా కాకుండా చదివే స్థాయిని బట్టి గుంపులు. తిన్నాక పిల్లలకు నిద్ర వస్తుందంటారు. చూసి రాయమంటే వస్తుంది, చెట్టుకింద కార్డులు పట్టుకుని ఒకరినొకరు తరుముకుంటే రాదు.

రెండో మార్పు అనితకు ఒక్కదానికే. చూసి రాయడం బంద్. ఇది చెప్పిన రోజు ఆ పిల్ల ఏడ్చింది. ఆ బడిలో ఆమెకున్న ఒకే ఒక్క గౌరవం ఆ నోటుబుక్కు. దాన్ని లాక్కోవడం నాకూ మనస్కరించలేదు. అందుకని చేతిరాతను ఉంచి, చూడటాన్ని మాత్రం తీసేశాను. రోజూ బోర్డు మీద రాసే ఉద్యోగం ఆమెకిచ్చాను. కాకపోతే ఎదురుగా నమూనా ఉండదు. నోటితో చెప్పింది విని రాయాలి. మొదట తేదీ, వారం. తర్వాత ఆ పూట అన్నంలో కూర ఏమిటో. ‘పప్పు’ రాయడానికి ఆమె పడ్డ తంటా చూసి మిగతా పిల్లలు నవ్వబోతే, వాళ్లనే బోర్డు దగ్గరికి వచ్చి ‘గుడ్డు’ రాయమన్నాను. నవ్వులు ఆగాయి. క్లాసులో సగం మందికి రాలేదు.

గుణింతాన్ని తిప్పి నేర్పాను. ఈ కేసులో పనికొచ్చిన వాటిలో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. క, కా, కి, కీ అని ఒక హల్లు పట్టుకుని అన్ని గుర్తులూ దాటుకుంటూ పోతే వరస వస్తుంది, గుర్తు రాదు. దాని బదులు ఒక గుర్తు పట్టుకుని హల్లులు మార్చాం. గుడి ఒక్కటే వారమంతా: గి, తి, ని, బి, లి. ప్రతిదానికీ ఒక మాట: గిన్నె, తిండి, నిప్పు, బిందె, లిల్లీ. తర్వాత కొమ్ము, తర్వాత ఏత్వం. వరస లేకపోయేసరికి నడుచుకుంటూ పోవడానికి దారి లేదు, గుర్తునే చూడాలి. నాలుగో గుర్తు దగ్గరికి వచ్చేసరికి ఆమే అంది, “మేడం, ఇది దేనికి పెట్టినా అట్లనే పలుకుతది.” ఈ ముక్క పదేళ్ల పిల్ల సొంతంగా కనుక్కుంది. గుణింతం కిటుకంతా అదే.

తెలుగు లిపి ఇక్కడ ఇబ్బంది పెడుతుందనీ చెప్పాలి. ‘పు’కూ ‘కు’కూ కొమ్ము ఒకే తీరున ఉండదు. ‘మొ’, ‘యొ’, ‘ఘో’ విడిగా గుర్తుపెట్టుకోవాలి. ‘వు’, ‘మ’ పక్కపక్కన పెడితే కొత్తగా చదివేవాళ్లు తడబడతారు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడలో పిల్లలు చదవడం నేర్చుకునే తీరును సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేశారు. అక్షరాల మీద పూర్తి పట్టు రావడం ఒకటి రెండేళ్లలో ముగిసే పని కాదని, ప్రాథమిక తరగతుల్లో చాలా ముందుకు సాగుతుందని ఆమె చూపించారు. మనం ఒకటి రెండు తరగతులతో అక్షరాల పని అయిపోయిందని తలుపు మూసేస్తాం. 

చదవడానికి ఆమె సొంత మాటలే వాడాం. పొద్దున పొలంలో ఏం జరిగిందో చెబుతుంది, నేను రాస్తాను, ఆమె చదువుతుంది. “పొద్దుగాల మంచు పడ్డది. పువ్వు తడిగుంటే పొడి అంటదు. మా అమ్మ తిట్టింది.” ఆమె చెప్పినట్టే రాశాను, పుస్తక భాషలోకి మార్చలేదు. ‘తడిగుంటే’ అని పలికే పిల్లకు ‘తడిగా ఉంటే’ అని రాసి ఇస్తే మళ్లీ బట్టీ పట్టాల్సిందే. వాచకం భాష తర్వాత వచ్చింది, పెద్ద గొడవ లేకుండానే వచ్చింది. ఈ కాగితాలు చదివి నాకు తెలిసినదేమిటంటే, పత్తి చెట్టు గురించి నా పరిసరాల విజ్ఞానం పాఠం కంటే ఆ పిల్లకు ఎక్కువ తెలుసు. పరాగసంపర్కం అనే మాట తెలియదు, రోజూ చేస్తోంది. ఐదో తరగతి పిల్లలకు ఆ పాఠం ఆమె చేతే చెప్పించాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు. ఆ తెలివికి ఆమె పెట్టిన ఖర్చు తెలుసు కాబట్టి పొంగిపోవడానికి మనసొప్పదు.

ఒత్తుల దగ్గర త్వరగా దాటిపోయాం. అక్క, అమ్మ, పత్తి, బస్సు, పువ్వు అని ద్విత్వాలు ముందు, సంయుక్తాలు తర్వాత. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక తక్కువ కాబట్టి వాటికి ఎక్కువ రోజులు పట్టింది. మిగతావి బొమ్మలుగా అప్పటికే చేతికి వచ్చినవే, పేర్లు పెట్టుకుంటే సరిపోయింది. హాజరు పిలిచే పని కూడా ఆమెకే ఇచ్చాను. పిల్లల పేర్లలో దాదాపు అన్ని ఒత్తులూ ఉంటాయి, తప్పు పలికితే ఆ పేరు గలవాళ్లు ఊరుకోరు.

ఏం మారింది, ఏం మారలేదు

సంక్రాంతి సెలవులకు ముందు ఒకటో తరగతి స్థాయి పేరా తడుముకుంటూ చదివింది. మార్చిలో చూడని కథ ఒకటి, నెమ్మదిగా, మధ్యలో రెండు చోట్ల ఆగి, పూర్తి చేసింది. కథలో నక్క ఎందుకు అబద్ధమాడిందంటే తన మాటల్లో చెప్పింది. గణితంలో వాక్య లెక్కలు చేయడం మొదలైంది. వీటితో డిస్లెక్సియా అనుమానాన్ని పక్కన పెట్టాను. ఒక్కో గుర్తూ నేర్పిన వెంటనే పట్టుకున్న పిల్ల ఆమె.

నోటుబుక్కు మాత్రం పాడైంది. నేను ఈ మాట సంతోషంగానే రాస్తున్నాను. కొట్టివేతలు వచ్చాయి, వంకర గీతలు వచ్చాయి, ‘స్నేహితురాలు’ మూడు రకాలుగా రాసింది. అప్పటిదాకా ఆమె పుస్తకంలో తప్పు లేకపోవడానికి కారణం అందులో ఆమె రాసింది ఏమీ లేకపోవడమే. పరిశీలనకు వచ్చిన ఒక అధికారి రెండు సంవత్సరాల నోట్సులు పక్కపక్కన పెట్టి, “ఈ పిల్ల వెనకబడిందేంటి మేడం?” అని అడిగారు. పిల్లను పిలిచి, ఆయన సంచిలోని దినపత్రిక తీసి చదివించాను. హెడ్డింగు చదివి, కింద సగం వార్త చదివింది. ఆయన ఇంకేమీ అనలేదు, రిమార్కుల్లో మాత్రం ‘చేతిరాతపై శ్రద్ధ అవసరం’ అని రాసి వెళ్లారు.

ఇంట్లోనూ ఇదే గొడవ. తండ్రి ఎర్ర గీతలు చూసి బడికి వచ్చారు. పిల్ల చెడిపోయిందనుకున్నారు. విత్తనం సంచీ మీద ముద్రించిన జాగ్రత్తల కాగితం పిల్ల చేత చదివించుకున్నాక శాంతించారు. అందులో విషపు మందు రాసిన విత్తనాలని, తినకూడదని ఉంది. చదివి, “ఇది ముట్టుకున్నంక చేతులు కడుక్కోవాలంట నాయినా” అని చెప్పింది.

పొలం పని ఆగలేదు. తల్లి ఆ సీజన్‌లో వారానికి కొన్ని పొద్దులు బడికి పంపింది, అంతకంటే ఒప్పించలేకపోయాను. ఆమెను తప్పుపట్టే హక్కు నాకుందని అనుకోను. విత్తనానికి ధర కట్టి అడ్వాన్సులిచ్చి పొలాలు నడిపించేవాళ్లకు బడి టైంటేబుల్ ఎవరూ చూపించరు. ఇంత చిన్న చేతుల పని లేకుండా ఆ ధరకు ఆ విత్తనం రాదని అందరికీ తెలుసు.

అదే గుంపులో ఇంకో ముగ్గురు పిల్లలకు దాదాపు ఇదే ఆకారంలో ఖాళీ ఉంది, వాళ్లూ తేరుకున్నారు. ఒక అబ్బాయికి మాత్రం ఈ పద్ధతి పనిచేయలేదు. గుడి నేర్పి, కొమ్ము నేర్పేసరికి గుడి పోయేది. ‘మేక’లో ‘మే’ తీసేయడం కూడా అతనికి కష్టంగానే ఉండేది. పొలానికి వెళ్లే పిల్లాడు కాదు, పొద్దుటి పాఠాలన్నీ విన్నాడు. అతన్ని మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి తీసుకెళ్లమని తల్లిదండ్రులకు చెప్పి, నేనూ వెంట వెళ్లాను. అనిత, ఆ అబ్బాయి ఇద్దరూ ఒకే పేరా చదవలేకపోయారు, ఇద్దరి కారణాలూ వేరు. పేరా దగ్గరే పరీక్ష ఆపేసి ఉంటే ఇద్దర్నీ ఒకే గాట కట్టేదాన్ని.

ఆ తర్వాత తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది, ప్రాథమిక తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలన్న పట్టుదల పెరిగింది. పిల్లల్ని విడిగా చదివించి చూడటం ఇప్పుడు అందరూ చేసే పని అయింది, మంచిదే. స్థాయి తెలుసుకున్నాక, ఆ పిల్ల రోజులో ఏ పూట బడిలో ఉంటుందో, ఏడాదిలో ఏ నెలల్లో సగం పూటే ఉంటుందో కూడా రాసుకోమని తోటి టీచర్లకు చెబుతుంటాను. మిర్చి ఏరే ఊళ్లలో ఆ నెలలు వేరు, ఇటుక బట్టీలకు పోయే కుటుంబాల్లో వేరు.

ఏప్రిల్‌లో అనిత గురించి ఒక పేజీ రాసి హెడ్మాస్టరు గారికి ఇచ్చాను, నన్ను మళ్లీ ఎక్కడికైనా మారిస్తే ఐదో తరగతి తీసుకునే వాళ్ల కోసం. అందులో ఉన్నవి ఇవి: గుణింతాలు వచ్చు, ‘ఘో’, ‘ఝ’ లాంటివి తప్ప. ద్విత్వాలు వచ్చు. ‘స్త్ర’, ‘క్ష్మ’ లాంటి చోట ఆగిపోతుంది, రెండు ముక్కలు చేసి ఇవ్వాలి. ఇంగ్లిష్ ఇంకా చూసి రాయడమే, అక్షరాల శబ్దాల నుంచి మొదలుపెట్టాలి. కొత్త పాఠం ముందు ఆమెకు చదివి వినిపించొద్దు, వినిపిస్తే సాయంత్రానికి కంఠతా పట్టేస్తుంది, చదివిందో లేదో మీకు తెలియదు. ఆగస్టు మూడో వారం నుంచి ఆమె తెలుగు పీరియడ్ భోజనం తర్వాత ఉండాలి.